కొడుకు చేతిలో

బొగ్గుబాయిల కప్పుకు దుంగలు నిలబెట్టే పెద్దయ్య ఏ పని మొదలువెట్టినా, "దేవుని కొడుకా, నీ సెలవు" అనేటోడు. ఆయన అడిగేది యేసును. ఆయనకు దుంగలు అందించే నాకది వింతగ ఉండేది. మా ఇంట్ల బాపు ఉండంగ నా మాట చెల్లేది కాదు మరి.

ఒకనాడు మా వెనక కప్పు కూలింది. ఇద్దరం లోపలనే చిక్కుకున్నం. దీపాలు ఆరిపోయినయి, ఊపిరి బరువైంది. పెద్దయ్య మళ్ల ఆ కొడుకునే పిలువబట్టిండు. నాకు కోపమొచ్చింది.

"తండ్రిని అడుగు పెద్దయ్యా! కొడుకుతోని ఏమైతది?"

"తండ్రి తన అధికారమంత కొడుకుకే ఇచ్చిండు, బిడ్డా. మన బతుకైనా సావైనా ఆయన మాటే."

"అయితే గీ బండలు తియ్యమను."

"అడిగిన. ఆయన మనకు ఏలిక, జీతగాడు గాదు."

చీకట్ల తడుముకుంట ఆయన చెయ్యి పట్టుకున్న. ఆయన నా చెయ్యిని నొప్పివెట్టేంత గట్టిగ పట్టుకున్నడు.

"నీక్కూడ భయమా పెద్దయ్యా?"

"ఆయన తియ్యగలడు, అది నాకెరుకే. తీస్తడో లేదో ఎరుకలేదు. గందుకే భయం."

ఎంతసేపటికో అవతల గడ్డపారల చప్పుడైంది. బండల నడుమ సందు చేసి, దెబ్బలతోనున్న ఇద్దరినీ బయటికి గుంజిండ్రు.

దెబ్బలు మానంగనే పెద్దయ్య మళ్ల బాయిలకు దిగిండు. నేను దిగలే.