గురువారం తల

తల కడిగేవాళ్ళకి మనుషులు తలకిందులుగా పరిచయమవుతారు. బేసిన్ అంచుకి మెడ ఆనించి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని పడుకుంటారు. అలా చూసిన మొహాన్ని వీధిలో నిటారుగా చూస్తే పోల్చుకోవడం కష్టం. పడుకున్నవాళ్ళకైతే ఇంకా కష్టం. వాళ్ళు చూసేదల్లా సీలింగు మీది తేమ మరకని. గోరువెచ్చని నీళ్ళు మాడుకి తగిలాక దాన్నీ చూడరు.

ఆ పార్లరులో తల కడిగే ఆమెని అందరూ "అక్కా" అనేవారు. యజమానురాలు మొదలుపెట్టింది, వచ్చేవాళ్ళు అందుకున్నారు. ఆమె అక్కడ చేరి చాలా ఏళ్ళయింది. అప్పటినుంచీ ఒకటే చోటు, కటింగు కుర్చీల వెనక తెర కట్టిన ఇరుకు గది. అందులో రెండు బేసిన్లు. ఒకటి కారుతుంది కాబట్టి దాంట్లో తడి తువ్వాళ్ళు పడేస్తారు. హీటరు మొండిది, కాసేపు చల్లగా, కాసేపు చుర్రుమనేలా పోస్తుంది. ఆమె ఆ నీళ్ళని ముందు తన మణికట్టు మీద పట్టి, కుదురుకున్నాకే ఎదుటి తల మీదికి తిప్పేది.

మొహాలకంటే తలలే ఆమెకి బాగా గుర్తుండేవి. సుడి ఎటు తిరిగిందో, ఎక్కడ పలచబడిందో, చిన్నప్పుడు పడి ఎక్కడ కుట్లు వేయించుకున్నారో. ఒకసారి బస్సులో ముందు సీటు ఆవిడ తల మీద జంట సుడులు చూసి, పార్లరుకి వచ్చే మనిషేనని పోల్చుకుంది. దిగేటప్పుడు నవ్వింది. ఆవిడ ఒక్క క్షణం ఎగాదిగా చూసి, చేతిసంచీని ఇటు భుజం మీంచి అటు భుజానికి మార్చుకుంది. ఆ తర్వాత ఆమె బస్సులో కిటికీ అవతలికి చూడడం అలవాటు చేసుకుంది.

ఇల్లంటే మేడ మీద ఒక గది. పెళ్ళి కొన్నేళ్ళు నిలిచింది, తర్వాత నిలవలేదు. పెద్ద గొడవలేం కాలేదు. ఆయన వేరే ఊళ్ళో పని దొరికి వెళ్ళాడు, వెళ్ళినవాడు వెళ్ళినచోటే ఉండిపోయాడు. ఆదివారం తమ్ముడు ఫోన్ చేస్తాడు. "బాగున్నావా అక్కా, తిన్నావా, సరే ఉంటా" అంటాడు. ఆ మాటల మధ్య జవాబు పట్టేంత సందు ఉండదు. మిగతా రోజుల్లో పార్లరు నుంచి గదికి చేరాక ఆమె నోరు తెరిచేది తినడానికీ ఆవలించడానికీ మాత్రమే.

అందుకే ఆమెకి గురువారాలు కావాలి.

గురువారం సాయంత్రం డ్రైవింగు టీచరు వచ్చేది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు. రోజంతా కారులో పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు పెట్టుకుని, కొత్తవాళ్ళ చేత గేర్లు మార్పిస్తుంది. ఆవిడది విపరీతమైన జిడ్డు తల. పొద్దున కడిగితే మధ్యాహ్నానికి వెంట్రుకలు పాయలు పాయలై నుదుటికి అతుక్కుంటాయి.

"నా తల పిండితే ఒక పూట వంటైపోతుందే అక్కా" అనేది, బేసిన్‌లోకి తల వాలుస్తూ.

"అయితే మీ ఇంటికి భోజనానికి రాను టీచరుగారూ."

"నువ్వు రావని నాకు తెలుసు. పిలిస్తే ఏదో ఒక వంక చెప్తావు."

పిలిస్తే కదా తెలిసేది అనాలనిపించేది ఆమెకి. అనేది కాదు.

నీళ్ళు పడుతుండగానే టీచరు కబుర్లు మొదలయ్యేవి. ఎక్కువగా ఒక పెద్దాయన గురించి. రిటైరయ్యాక డ్రైవింగు నేర్చుకోవాలని పట్టుబట్టి వచ్చాడు, లైసెన్సు పరీక్ష తప్పుతూనే ఉన్నాడు.

"ఎడమకి తిప్పండి అంటే ముందు చేతి గడియారం చూసుకుంటాడక్కా. గడియారం ఉన్నది ఎడమట. నిన్న ఇంట్లో మర్చిపోయి వచ్చాడు."

"మరి ఎటు తిప్పారు?"

"ఎటూ తిప్పలేదు. నడిరోడ్డు మీద కారాపి, 'మీ గడియారం ఏ చేతికి పెట్టుకుంటారమ్మా' అని నన్నడిగాడు."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. నవ్వితే టీచరు తల బేసిన్‌లో కదిలి నీళ్ళు మెడలోకి జారేవి, అందుకు మళ్ళీ నవ్వు. తర్వాత ఆవిడ కళ్ళు తెరవకుండానే అడిగేది, "సరే, నీ సంగతులు చెప్పు. ఈ వారం ఏం చేశావు?" ఆ ప్రశ్న వస్తుందని తెలుసు కాబట్టి, ఆమె బుధవారం నుంచే చెప్పదగ్గదేదైనా ఉందా అని తన వారమంతా వెతుక్కునేది.

జిడ్డు తలలకని యజమానురాలు పెద్ద నీలం డబ్బా తెప్పించేది. పంపు ఒక్కసారి నొక్కితే చాలు, తలంతా నురుగు. కడిగాక వెంట్రుకలు వేళ్ళ కింద కీచుమనేవి. "ఆ చప్పుడు వాళ్ళ చెవిన పడాలక్కా. అప్పుడే కడిగినట్టు" అనేది యజమానురాలు. టీచరుకీ ఆ చప్పుడంటే నమ్మకం. అలాంటి డబ్బానే ఇంటికీ పట్టుకెళ్ళింది.

ఆ డబ్బా సంగతి ఆమెకి తన చేతుల వల్ల తెలుసు. దాన్ని వాడి వాడి వేళ్ళ సందులు పగిలాయి, కొసలు పొరలుగా ఊడాయి. చిన్నపిల్లల తలలకని ఉంచిన పలచటి షాంపూ ఒకటి అలమరలో ఉంటే, చేతులకి అది పూసి చూసుకుంది. నురుగు సరిగా రాదు, కీచుమనదు. కానీ పగుళ్ళు మూసుకున్నాయి. తనదీ జిడ్డు తలే. దాన్నే తలకీ వాడింది. మొదట్లో ఇంకా జిడ్డోడినట్టే ఉంది, పోనుపోను తల తేలికపడింది. టీచరు తలకి ఏం కావాలో ఆమెకి అప్పటినుంచీ తెలుసు.

తెలిసీ చెప్పలేదు. చెప్పకూడదని అనుకున్నదీ లేదు. ఆ మాట నోటి దాకా వచ్చేసరికి పెద్దాయన కారు ఎక్కడో ఆగిపోయి ఉండేది, అది వినాలి కదా. జిడ్డున్నంతకాలం గురువారం ఉంటుందన్న సంగతిని ఆమె ఎన్నడూ మనసులో మాటగా పెట్టుకోలేదు. కానీ అది అక్కడే ఉండేది, మూల నిలబెట్టిన గొడుగులా.

ఒక గురువారం టీచరు వచ్చి మాట్లాడకుండా పడుకుంది. నీళ్ళు తగలగానే ఉలిక్కిపడింది. ఆమె పాయలు విడదీసి చూసింది. చెవుల వెనకా నడినెత్తినా కందిపోయి ఎర్రగా ఉంది. గోకిన గీతలు. ఒకచోట పక్కు కట్టింది.

"ఏమైంది టీచరుగారూ?"

"ఏముందక్కా. రోజుకి రెండుసార్లు కడుగుతున్నాను. పొద్దునోసారి, మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఇంకోసారి."

"రెండుసార్లా?"

"కొత్తగా చేరిన పిల్లొకతి పోయిన శుక్రవారం కారు అద్దం దించింది. లోపల ఏసీ నడుస్తోంది, నా జుట్టు వాసన నాకూ తెలుస్తోంది. నేనేం అడగలేదు, ఆ పిల్లేం అనలేదు. దించింది, అంతే." గట్టి గొంతు బాగా తగ్గిపోయింది. "రుద్దక్కా. గట్టిగా రుద్దు, కీచుమనేదాకా."

ఆమె చెయ్యి నీలం డబ్బా పంపు మీదే ఉంది. నొక్కలేదు. నీళ్ళు ఊరికే పోతున్నాయి. కుర్చీల వైపు నుంచి యజమానురాలి కత్తెర చప్పుడు వినిపిస్తోంది. నొక్కితే వచ్చే గురువారం ఉంటుంది. ఆ పక్కు కట్టిన చోటూ ఉంటుంది.

"ఇది వద్దు టీచరుగారూ" అంది.

అలమర లోంచి పలచటి షాంపూ తెచ్చి, వేళ్ళ కొసలతో మెల్లిగా రాసింది.

"నురుగేదీ?" అంది టీచరు.

"ఎక్కువ రాదు."

"మరి జిడ్డెలా పోతుంది?"

"పోవలసినంత పోతుంది. ఇన్నాళ్ళూ ఉండవలసింది కూడా పోయింది, అందుకే మాడు మండుతోంది. మీరు కొనేటప్పుడు సీసా మీద చూడండి, నురుగు తెప్పించే సల్ఫేట్లు లేవని రాసుండాలి. పాలలాగా చిక్కగా ఉండేది వద్దు, సీసాలోంచి అవతలికి కనపడేది తీసుకోండి. ఘాటు వాసనవీ వద్దు. రోజు విడిచి రోజు చాలు. గోళ్ళు తగలనీయకండి. మాడుకే పెట్టండి, జుట్టు చివర్లకి కారిన నురుగే సరిపోతుంది. మొదటి కొన్ని వారాలు ఇంకా జిడ్డుగా ఉన్నట్టనిపిస్తుంది. కంగారుపడి మళ్ళీ నీలం డబ్బా పట్టకండి. ఈ పుండు మాత్రం మానకపోతే డాక్టరుకి చూపించండి."

ఆ గదిలో ఆమె ఒక్క గుక్కలో అంత మాట్లాడడం అదే మొదలు. టీచరు కళ్ళు మూసుకునే ఉంది.

"ఇదంతా నీకు ముందే తెలుసా అక్కా?"

ఆమె నీళ్ళ గొట్టాన్ని బేసిన్ వైపు తిప్పి పట్టుకుంది. "తెలుసు" అంది.

"మంచిదానివే" అంది టీచరు.

ఆ పై గురువారం టీచరు రాలేదు. కొత్త షాంపూ, కుదురుకోవాలి కదా అనుకుంది ఆమె. తర్వాతి గురువారమూ రాలేదు. సాయంత్రమయ్యేసరికి ఆమె తెర కాస్త పక్కకి జరిపి ఉంచేది, గాలి రావడం లేదని.

"నీ టీచరమ్మ రావడం మానేసిందేమిటక్కా? ఏం చెప్పి తరిమేశావు?" అంది యజమానురాలు.

"జిడ్డు తగ్గి ఉంటుంది మేడమ్."

"తగ్గించమని ఎవరు చెప్పారు నీకు?" అని యజమానురాలు నవ్వింది. సగం నవ్వే.

చెప్పదగ్గవి మాత్రం పోగుపడుతూనే ఉన్నాయి. కింది వాటావాళ్ళు వీధి తలుపుకి రంగు వేయించి, ఆరకముందే మూసుకుని, అది అంటుకుపోయి పొద్దెక్కేదాకా లోపలే ఉండిపోయారు. ఆ ఇంటాయన కిటికీలోంచి తల బయటికి పెట్టి, వెళ్ళేవాళ్ళందరికీ తలుపు తన్నమని చెప్పాడు. మొహమాటపడి ఎవరూ గట్టిగా తన్నలేదు. ఆమె దీన్ని ఆదివారం తమ్ముడికి చెప్పింది. "అలాగా" అన్నాడతను. "సరే ఉంటా."

చాలా వారాలకి మళ్ళీ టీచరు వచ్చింది కూడా గురువారమే. యజమానురాలు గుమ్మం బయట ఫోన్లో ఉంది. ఆమె ముందు గదిలో ఉతికిన తువ్వాళ్ళు మడత పెడుతోంది. ఒకావిడ లోపలికొచ్చి తిన్నగా కటింగు కుర్చీలో కూర్చుంది. ఫ్యాను గాలికి వెంట్రుకలు విడివిడిగా లేస్తున్నాయి. ఆమె వెనకనుంచి సుడి చూసింది, కుడి చెవి మీది పాత కుట్ల గుర్తు చూసింది. చేతిలో తువ్వాలు అలాగే ఉండిపోయింది.

టీచరు అద్దంలోంచి పలకరించింది. "ఏవండీ, మేడమ్ లేరా?"

"ఫోన్లో ఉన్నారు. వచ్చేస్తారు."

"తల కడిగే అక్క రాలేదా ఈరోజు?"

టీచరు అద్దంలో ఆమె కళ్ళలోకే చూస్తూ అడిగింది.

"నేనేనండీ" అంది ఆమె.

టీచరు కుర్చీ గిర్రున ఇటు తిప్పింది. పైనుంచి కిందికి చూసి, సిగ్గుపడ్డట్టు నవ్వింది. "అయ్యో. నువ్వు... మీరు బాగా పొడుగ్గా ఉంటారనుకున్నాను."

"పడుకుని చూస్తే అందరూ పొడుగేనండీ."

"వయసు కూడా. మేడమ్ అక్కా అంటుంటే నేనూ అదే పట్టుకున్నాను. నాకంటే చిన్నవాళ్ళు మీరు. ఏమీ అనుకోకండి, నోటికొచ్చినవన్నీ వాగాను."

"పర్లేదండీ."

బేసిన్ దగ్గర టీచరు నోట ఏనాడూ రాని "మీరు" కుర్చీ దగ్గరికి వచ్చి, ఇద్దరి మధ్యా కూర్చుంది. ఆమె ఇంకో తువ్వాలు తీసి మడత పెట్టింది.

"పెద్దాయన పాసయ్యారా?" అంది.

"ఎవరు? ఆఁ, ఆయనా. పాసయ్యాడండీ, ఎప్పుడో."

ఎలా పాసయ్యాడో టీచరు చెప్పలేదు. అంటుకుపోయిన తలుపు కథ ఆమె నాలుక మీదే ఉంది. కళ్ళు తెరుచుకుని ఎదురుగా కూర్చున్న మనిషికి దాన్ని ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. ఇంతలో యజమానురాలు లోపలికొచ్చింది.

"టీచరమ్మగారా! జుట్టేమిటి, ఇలా గాలికి ఎగురుతోంది?"

"అంతా ఈవిడ చలవే" అని టీచరు ఆమె వైపు తల వంచింది. "మీరే ఒకసారి చూసి చెప్పండి, మానిందా?"

ఆమె దగ్గరికి వెళ్ళి పాయలు విడదీసింది. ఇదివరకు తడిగా తప్ప ఎన్నడూ ముట్టుకోని తల. మాడు శుభ్రంగా, మామూలు రంగులో ఉంది. పక్కు కట్టిన చోటు వెతికినా దొరకలేదు.

"మానిందండీ. బాగుంది."

"మాటవరసకి అడుగుతున్నాను. ఇక్కడికొచ్చి వారంవారం కడిగించుకుంటే ఇంకా మంచిదా?"

యజమానురాలు దువ్వెన పట్టుకుని అద్దంలో ఆమె వైపే చూస్తోంది. వస్తుంటే మంచిదేనండీ అని ఒక్క మాట చాలు. ఏ పార్లరులోనైనా అనే మాటే, ఎవరూ తప్పు పట్టేది కాదు. ఆమె వేళ్ళు ఇంకా ఆ జుట్టులోనే ఉన్నాయి.

"అక్కర్లేదండీ" అంది. "ఇంట్లో ఇలాగే కడుక్కోండి. చాలు."

"అమ్మయ్య" అంది టీచరు. "అయితే గురువారం సాయంత్రాలు ఇంకో ఇద్దరికి నేర్పొచ్చు."

కటింగు తొందరగానే అయిపోయింది. మెడ మీది వెంట్రుకలు దులిపించుకుని, "వస్తానండీ" అని ఇద్దరికీ కలిపి చెప్పి టీచరు వెళ్ళిపోయింది.

"ఉన్న ఒక్క గురువారం బేరమూ పోయింది" అంది యజమానురాలు, నేల ఊడుస్తూ. "చాలా బాగా చెప్పావులే అక్కా."

వీధిలో కారు స్టార్టయి, ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. స్టీరింగు దగ్గర ఎవరో కొత్తమ్మాయి, భుజాలు బిగబట్టుకుని కూర్చుంది. మళ్ళీ స్టార్టయింది, మళ్ళీ ఆగింది. పక్క సీట్లో టీచరు చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, ఆ అమ్మాయి నవ్వుతోంది. ఏం చెబుతోందో ఇక్కడికి వినబడలేదు. కారు కదిలి మలుపు తిరిగేదాకా ఆమె తువ్వాళ్ళ దొంతర పట్టుకుని అక్కడే నిలబడింది.