అవ్వ వక్కాకు డబ్బా

మా అవ్వ వక్కాకు డబ్బా మీద ఎర్ర రెక్కలతో ఉన్నవి సీతాకోకచిలుకలని ఇంట్లో అందరం అనుకొనేవాళ్ళం. అది చీనాలో చేసిన రాగి డబ్బా. వెంట్రుకంత సన్నని తీగలను వంచి అతికించి, ఆ గళ్ళలో నీలం, ఎరుపు, పచ్చ రంగుల గాజుపొడి నింపి కాల్చారు. వేరుశనక్కాయలు అమ్మడానికి తాత మద్రాసు పోతుంటే మంచి డబ్బా ఒకటి తెమ్మని అవ్వే అడిగిందట. ఆయన పాత సామాన్ల అంగట్లో దీన్ని కొన్నాడు. తాత పోయిన తరువాత కూడా, వక్క తీసుకున్న ప్రతిసారీ అవ్వ మూతను కొంగుతో తుడిచేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, మా వీధి గ్రంథాలయంలోని ఒక పాత పత్రికలో ఇలాంటి డబ్బాల గురించి చదివాను. ఆ రెక్కలు గబ్బిలాలవి. చీనావాళ్ళకు గబ్బిలం అదృష్టానికి గుర్తు. అయిదు కలిసి ఉంటే అయిదు భాగ్యాలట. మా డబ్బా మీదా అయిదే.

నలుగురిలో నోరు విప్పేదాన్ని కాదు. ఆ సాయంత్రం చిన్నమ్మ, "పొద్దస్తమానం ఆ పుస్తకాల్లో ఏముండాది పాపా? మాకూ ఒక ముక్క చెప్పు" అని ఎగతాళి చేసింది. నాకు రోషం వచ్చింది.

"అవ్వ డబ్బా మీదుండేవి గబ్బిలాలు" అన్నాను.

చిన్నమ్మ నవ్వు ఆగిపోయింది. గబ్బిలం దూరిన ఇల్లు పాడుబడుతుందని భయపడే ఊరు మాది. అవ్వ డబ్బాను వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది. వక్కలన్నీ ఒళ్ళో పోసుకుంది.

"ఇది తెచ్చిన ఏడే మీ తాత పోయినాడు. నేను అడగకుంటే తెచ్చేటోడు కాదు" అంది.

మిగిలిన సగం నా నాలుక మీదే ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. చెప్పలేకపోయాను. డైరీలో మాత్రం అయిదు భాగ్యాలతో సహా రాసుకున్నాను.

డబ్బా అటకెక్కింది. పది రోజులకు, అవ్వ ఒక్కతే ఉన్నప్పుడు, డైరీలోని ఆ పుట చదివి వినిపించాను. ఓపికగా విన్నది.

"ఆ పొద్దే చెప్పింటే నమ్మేదాన్ని పాపా. ఇప్పుడు నా మనసు కుదుటపడల్లని నువ్వే రాసినట్టుండాది."

మరునాడు ఆ పత్రిక కోసం గ్రంథాలయానికి పోయాను. పాతవన్నీ చిత్తుకాగితాల కింద అమ్మేశారట.

అప్పటి నుంచి అవ్వ వక్కలను కొంగున ముడి వేసుకొనేది. ఒకటి నోట్లో వేసుకున్నాక, కొంగు పట్టుకున్న చేయి అలవాటుగా మూత కోసం ఒళ్ళో తడిమేది. నేను పుస్తకంలోకి తల వంచుకొనేదాన్ని.