డబ్బాలో ఇప్పనూనె

ఎనిమిదేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. రోజూ రాసే డైరీలో కూడా దాన్ని రాయలేదు. ఎవరైనా తీసి చదువుతారేమోనని అనుమానం. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అరకులో మా నాన్నకు లైసెన్సు తుపాకులు బాగుచేసే చిన్న షాపు ఉండేది. ఇక్కడి మంచుకు, వానకు ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. అందుకని భాగాలన్నీ విప్పి, సోడా నీళ్లలో మరిగించి, చెయ్యి తగలకుండా గుడ్డతో పట్టుకుని, కాచిన అవిసె నూనె పల్చగా పూసి, రేకు బట్టీలో వేలాడదీసేవాళ్లం. వేడికి నూనె ఎండి నల్లటి గట్టి పూత అయ్యేది. పూయడం నా పని. బట్టీ చూసేది సుక్రు. నాన్న కన్నా పెద్దవాడు, కొండ మీది గూడెం మనిషి. వాసన పీల్చి వేడి ఎంతుందో చెప్పేవాడు.

షాపులో పుస్తకం కనిపిస్తే బట్టీలో పడేస్తానని నాన్న బెదిరించేవాడు. అయినా ఒక మధ్యాహ్నం నాన్నా, సుక్రూ బయటికి వెళ్లినప్పుడు నవల చదువుతూ పూస్తున్నాను. బయట అడుగుల చప్పుడు. పుస్తకం దాచబోతే కాలు తగిలి నూనె డబ్బా ఒరిగింది. సగం నేల మీదా, నా పరికిణీ అంచు మీదా ఒలికిపోయింది. లోపలికి ఎవరూ రాలేదు. గోడకు సుక్రు సీసా వేలాడుతోంది, పగిలిన కాళ్లకు రాసుకునే ఇప్పనూనె. బట్టీ సెగకు కరిగి, రంగులో దగ్గరగానే ఉంది. అంతా డబ్బాలో వంపేశాను. ఏ నూనైనా ఒకటే అనుకున్నానా? అసలేమీ అనుకోలేదా?

ఇప్పనూనె ఎండదు. ఎంత కాల్చినా పూత జిగటగానే ఉండిపోయింది. పొద్దున చలికి డబ్బా అడుగున తెల్లగా గడ్డకట్టింది.

నాన్న డబ్బా వంచి చూశాడు.

"ఏటిది సుక్రూ? అవిసె నూనె అమ్ముకుని ఇప్పనూనె కలిపీసినావేటి?"

"నాను ముట్నేదు బాబూ."

"మరి నీ సీసా కాళీ ఎలాగయింది? దెయ్యం తాగీసిందేటి?"

"అదే నాకూ తెల్దు బాబూ."

నాన్న నావైపు తిరిగాడు. "నువ్వేటైనా సూసినావేటే గుంటా?"

"నిన్న నూనె కాడికెల్లడం సూసినాను నానా."

అబద్ధం కాదు. అతను రోజూ వెళ్లేవాడు. అంత భయంలోనూ, అబద్ధం కాకుండానే మనిషిని ముంచే మాటను నేనెలా ఏరుకోగలిగాను?

సుక్రు నా పరికిణీ అంచు వైపు ఒకసారి చూశాడు. ఉతికేశాను కదా, మరక మిగిలిందా? వాసనతో వేడి చెప్పగలిగినవాడికి అవిసె నూనె వాసన అందదా? తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. సంతలో కనిపించిన ప్రతి షాపువాడికీ నాన్న అతను దొంగ అని చెప్పాడు. ఆపైన అరకులో అతనికి ఎవరూ పనివ్వలేదు.

ఆ తరువాత నాన్న నన్ను నూనె దగ్గర ఒంటరిగా వదలడం మానేశాడు. లేక నాకలా తోచిందా? సంతలో సుక్రు కనిపిస్తే పక్క వరసలోకి తప్పుకునేదాన్ని. ఒకసారి తప్పుకోలేకపోయాను. కట్టెల మోపు దించి నవ్వాడు.

"ఇంకా పుస్తకాలు సదువుతన్నావా పాపా?"

ఆప్యాయతా? ఎత్తిపొడుపా? తలూపి వచ్చేశాను. ఇప్పుడతను సంతకు రావడం లేదు. ఎందుకో అడగడానికి ధైర్యం లేదు.

నూనె కలిపింది నేను. సుక్రు దొంగ కాదు. క్షమించమని అడగడం లేదు, అడగవలసింది మిమ్మల్ని కాదు. కానీ ఈ రెండు వాక్యాలూ రాశాక, ఇన్నేళ్లకు ఊపిరి కొంచెం లోపలిదాకా వెళ్లింది.