రాజయ్య కాక ముక్కు, చలికొండ షార్డొనే

మా నాన్నను బతికించిన ముక్కొకటి గోదావరిఖనిలో ఉంది. అది రాజయ్య కాకది. చాలా ఏళ్ల కింద భూగర్భ గనిలో బొగ్గు తనంతట తానే వేడెక్కి రాజుకోబోతుంటే, కార్మికుల భద్రత చూసే సర్దారుగా ఉన్న కాక ఆ సన్నటి వాసనను అందరికంటే ముందు పసిగట్టి షిఫ్టు మొత్తాన్ని పైకి పంపాడు. అలా పైకొచ్చిన వాళ్లలో నాన్న ఒకడు. హైదరాబాద్ హోటల్లో వైన్ వడ్డించే పనిలో చేరి, వాసనలు గుర్తుపట్టలేక తిప్పలు పడ్డాక గానీ ఆ ముక్కు విలువ నాకు తెలిసిరాలేదు. అందుకే చలి కొండల్లోని ఒకే ఒక్క తోట ద్రాక్షతో చేసిన షార్డొనే అనే తెల్ల వైన్ సీసా కొని, ఆయనకు ఇద్దామని బయలుదేరాను. అదీ మే నెలలో!

పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కితే మధ్యాహ్నానికి ముందే రామగుండం చేరతాం. సీసాకు తడి తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. స్టేషన్ బయట ‘జై తెలంగాణ’ రాసున్న షేర్ ఆటో ఎక్కితే గోదావరిఖనికి పది రూపాయలు. ఆ మూటలో ఏముందో చెబితే డ్రైవర్ నవ్వాడు. “గీ ఎండల వైన్ ఏందన్న? మా దిక్కు కల్లు దొర్కదా?”

“నిమోనియాతోని దవాఖానల పడి లేసినంక మీ కాకకు పప్పు మాడినా తెలుస్తలేదు బిడ్డా,” అంది చిన్నమ్మ గడపలోనే. నా ప్రాణం ఉసూరుమంది. అయినా సీసాను గంటసేపు ఐసులో పెట్టి, వెంట తెచ్చిన గాజు గ్లాసుల్లో పోశాను.

కాక వాసన చూశాడు. “నీళ్ల లెక్కనే ఉన్నది. నా ముక్కు పోయిందిర,” అని మొహం తిప్పుకున్నాడు. సిగ్గుతో నా గ్లాసు ఎత్తాను. నాకూ ఏమీ రాలేదు! తప్పు నాది. మరీ చల్లబడితే వైన్ వాసన మూసుకుపోతుంది.

“కాకా, నాకూ వస్తలేదు. జర ఆగుదాం,” అన్నాను.

ఇరవై నిమిషాల తర్వాత ఆయన లేచి వరండాలోకి వెళ్లి గాలి పీల్చుకుని వచ్చాడు. “గనిల లెక్కనే ముందు మంచి గాలి పీల్చి రావాలె. మొదటి వాసననే నిజం. ఆడనే నిలబడితే ముక్కు మోసం చేస్తది,” అంటూ ఒక్కసారి గ్లాసు వాసన చూశాడు. “పచ్చి మామిడికాయ సొన.” మళ్లీ వరండాలోకి వెళ్లొచ్చాడు. “నిమ్మ తొక్క. అడుగున తడిసిన రాయి.”

రెండేళ్లుగా హోటల్లో నా ముక్కుకు దొరకని తడిరాయి వాసన అది.

“ఇగ రేపటిసంది పప్పు నువ్వే చూస్కో,” అంది కాకను చూసి చిన్నమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. కాక నా ఫోన్ లాక్కుని నాన్నకు కలిపాడు. “ఓదెలన్నా, నా ముక్కు పోలేదే!” అని అరిచాడు.

కృతజ్ఞత చెప్పుకోవడానికి వెళ్లి, పని నేర్చుకుని వచ్చాను. ఇప్పుడు ఏ సీసా తెరిచినా ముందు బయటికెళ్లి గాలి పీల్చుకుని వస్తున్నాను. మా నాన్న ప్రాణం నిలిచింది ఆ అలవాటు వల్లే కదా అని ప్రతిసారీ గుర్తొస్తుంది. మీకు ఒక్క సూచన: షార్డొనే ఐసులోంచి తీసి ఇరవై నిమిషాలు ఆగండి. అంతవరకూ సీసానూ అనుమానించకండి, ముక్కునూ అనుమానించకండి.