నారాయణమ్మకు రాసిన జవాబు

మా ఇన్సూరెన్స్ ఆఫీసులో పద్నాలుగు కంప్యూటర్లకీ జవాబులు ఒక్కచోటి నుంచే వస్తాయి. చాట్‌లో ఎవరో ఏదో అడుగుతారు, మేం ఒక అంకె కొడతాం, సిద్ధంగా ఉన్న జవాబు పడిపోతుంది. ఆ తెలుగు జవాబులన్నీ రాసింది ధనలక్ష్మక్క. కూర్మన్నపాలెం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఆరేళ్లుగా అదే కుర్చీ, అదే నడుం నొప్పి. జవాబులు మార్చే అధికారం ఆవిడకొక్కతెకే ఉంది. దానివల్ల అదనంగా దక్కేవి మేనేజర్ సాయిశంకర్ చీవాట్లే.

మొన్న మంగళవారం మధ్యాహ్నం యారాడ నుంచి నారాయణమ్మ అనే ఆవిడ అక్క చాట్‌లోకి వచ్చింది. భర్త చేపల వేటకెళ్లి బోటులోంచి పడి చనిపోయాడు. పాత చాట్‌లు తిరగేస్తే, బీమా డబ్బు ఎప్పుడొస్తుందని అంతకుముందు నాలుగుసార్లు అడిగింది. నలుగురం నాలుగో నెంబరే కొట్టాం: "మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది. దయచేసి ఓపిక పట్టండి." నిజానికి ఆ రోజు బోటు వేటకెళ్లినట్టు ఫిషింగ్ హార్బర్ నుంచి తేవలసిన కాగితం లేదు. శుక్రవారంతో గడువు సరి. ఆ ముక్క ఆవిడకి ఎవరూ చెప్పలేదు. సిగ్గుచేటు, ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

"నాను రాసిన మాటే నాలుగుసార్లు ఆ మడిసి మొకాన కొట్టారు గదరా గోపీ," అంది అక్క.

నాలుగో జవాబు మారుద్దామని పక్కనే తెరిచిపెట్టుకుంది. ముందు నారాయణమ్మకి రాయబోయింది: "నారాయణమ్మా, ఓపిక పట్టకు. శుక్రవారంలోగా హార్బర్‌లో బోటు కాగితం తీసుకుని పంపు." అప్పటికింకా అన్నం తినలేదు, కళ్లు మూతలు పడుతున్నాయి. చాట్‌లో రాశాననుకుని అందరికీ వెళ్లే నాలుగో జవాబులో రాసి సేవ్ చేసేసింది. ఎదురుచూసి చూసి నారాయణమ్మ వెళ్లిపోయింది.

అరగంటలో అరవై మంది నారాయణమ్మలయ్యారు. ఒకాయనైతే, "నా పేరు అచ్యుతరామయ్య. నాకు బోటు లేదు, స్కూటరుంది," అని రాశాడు. మేం నవ్వాం. సాయిశంకర్ నవ్వలేదు. పాత జవాబు మళ్లీ పెట్టించి, అక్క లాగిన్ తీసేసి, "ఇవాళ్టికి ఇంటికెళ్లండి," అన్నాడు.

అక్క బ్యాగు సర్దుకుంటుండగా నారాయణమ్మ మళ్లీ వచ్చింది, ఈసారి నాకు. నా తెరమీద ఏడు చాట్‌లున్నాయి. పేరు చూడకుండానే అలవాటుగా నాలుగు కొట్టేశాను. చూసేసరికి జవాబు వచ్చేసింది: "మంచిది బాబూ. ఓపిక పడతాను." వెంటనే చాట్ మూసేసింది.

విషయం చెప్పాను. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఫోన్ నెంబరేటైనా కనిపిత్తందా?"

"లేదక్కా, నెంబరున్నకాడ మనకి సుక్కలే గదా కనిపిత్తాయి."

"ఊరు యారాడే గదా," అంటూ చెప్పులేసుకుంది. "బోటులోంచి పడిపోయినోడి ఇల్లంటే ఎవులైనా సూపిత్తారు."

నడుం పట్టుకుని మెట్లు దిగుతోంది. నేను బండి తాళాలు తీసుకుని వెనకే పరిగెత్తాను. తెరమీద ఇంకా ఆరుగురు ఎదురుచూస్తున్నారు. వాళ్లకి నాలుగు కొట్టి రావడానికి చెయ్యి రాలేదు.