రాజుల శాసనాలు, పది ఆజ్ఞలు, మా కుళాయి వరస

మా చిన్నప్పుడు... బెజవాడ వన్ టౌన్‌లో, కొండవాలున ఉన్న మా వీధంతటికీ ఒక్కటే కుళాయి. తెల్లారుజామున ఐదున్నరకి వచ్చిన నీళ్ళు ఆరున్నరకల్లా ఆగిపోయేవి.

అందుకే ముందురోజు సాయంత్రమే వరసలో రాయి పెట్టుకునేవాళ్ళం. రాయి ఉంటే మనిషి ఉన్నట్టే లెక్క... ఎవరి రాయి ఏదో వీధిలో అందరికీ తెలుసు. మాది సగానికి విరిగిన రుబ్బురోలు పొత్రం. నా నేస్తం జ్యోతి వాళ్ళది సున్నం పూసిన ఇటుక. ఇంకో నేస్తం షమీమ్ వాళ్ళ నాన్న ఆటోనగర్‌లో మెకానిక్కు కాబట్టి వాళ్ళది రాయి కూడా కాదు, పళ్ళరిగిన గేరు చక్రం! ఎంతటి గయ్యాళైనా సరే, పక్కింటివాళ్ళ రాయి మీద మాత్రం చెయ్యి వేసేది కాదు.

ఆ వేసవిలో మా తాతయ్య చల్లపల్లి నుంచి వచ్చి మా దగ్గరున్నాడు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైన మనిషి... పిల్లలు దొరికితే వదులుతాడా? మధ్యాహ్నం పూట నన్నూ జ్యోతినీ షమీమ్‌నీ అరుగు మీద కూర్చోబెట్టి, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు చేతిలో పెట్టి, పాతకాలపు రాజ్యాల కబుర్లు మొదలెట్టేవాడు. కింద ఎండలో కృష్ణ తళతళలాడుతుంటే, ఆయన చెప్పే బాబిలోను అవతలి ఒడ్డునే ఉందేమో అనిపించేది నాకు...

అక్కడి రాజు నల్లరాతి మీద చట్టాలు చెక్కించాడట. కన్ను పొడిస్తే కన్ను పొడవడమే... పోయింది బానిస కన్నయితే మాత్రం ఏదో సొమ్ము కట్టి చేతులు దులుపుకోవచ్చట. జ్యోతి వాళ్ళింట్లో గోడ క్యాలెండరు మీద బైబిల్లోని పది ఆజ్ఞలుండేవి, దానికవన్నీ కంఠతా. తూకంలో మోసం చెయ్యకూడదని ఖురాన్‌లో ఉందని వాళ్ళ నాన్న చెప్పాడంది షమీమ్. నేనేం తక్కువ తిన్నానా... అబద్ధమాడితే పుట్టగతులుండవని మా నాయనమ్మ రోజూ తిట్టే తిట్టే అప్పజెప్పాను.

"అన్నీ ఒకటే చెప్తన్నాయి కదా తాతగారూ, మరి తేడా ఏంటండీ?" అని అడిగింది షమీమ్.

అలాంటి ప్రశ్న దొరికితే తాతయ్యకి పండగే. "రాజుగారి చట్టం 'చేస్తే' అని మొదలవుతుందమ్మా. చేస్తే ఇదిగో ఇదీ శిక్ష... అది పడ్డాక ఇంక అయిపోయినట్టే. ఈ ఆజ్ఞలున్నాయే, ఇవి 'చెయ్యకు' అని ఊరుకుంటాయి. ఆఖరిదైతే పక్కవాడిది ఆశపడనే వద్దంటుంది. మనసులో ఆశపడితే ఏ రాజు పట్టుకుంటాడు చెప్పు?"

ఆ మాట నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

మా ఇంట్లో రాయి పెట్టే పని నాది. వారం తిరక్కుండానే ఒక సాయంత్రం తొక్కుడుబిళ్ళ ఆడుతూ మర్చేపోయాను. షమీమ్ ఆట మధ్యలో వెళ్ళి, నా కళ్ళెదుటే వాళ్ళ చక్రాన్ని మూడోదిగా పెట్టి వచ్చింది కూడా... ఆటలో నా వంతు వదులుకోవడం ఇష్టం లేక, తర్వాత పెడదాంలే అని నేనే కదల్లేదు.

తెల్లారుజామున గుర్తొచ్చి పొత్రం పట్టుకుని పరుగెత్తాను. వరస అప్పటికే మెట్లదాకా ఉంది. చివర్న పెడితే చుక్క నీరు దక్కదు, అమ్మ చేతిలో నా వీపు విమానం మోతే. ఇంకా ఎవరూ రాలేదు... గేరు చక్రాన్ని మెల్లిగా తీసుకెళ్ళి చివర్న పెట్టి, దాని చోట మా పొత్రం పెట్టేశాను. వేరేవాళ్ళ రాయి ముట్టుకోవడానికి భయమేసింది. షమీమ్‌దైతే నాదే కదా అనిపించింది... స్నేహమట! సిగ్గులేకపోతే సరి.

వాళ్ళ వంతు రాకముందే నీళ్ళు ఆగిపోయాయి. షమీమ్ వాళ్ళమ్మని మేం పిన్నీ అని పిలిచేవాళ్ళం... అప్పటికి ఆవిడ పదిహేను రోజుల బాలింత. ఆ పచ్చి ఒంటితోనే కొండ దిగి, కింద రోడ్డు పంపు దగ్గర రెండు బిందెలు పట్టుకుని, ఆగి ఆగి మెట్లెక్కింది. పైకొచ్చాక షమీమ్ చెంప మీద ఒక్కటిచ్చింది, ఉన్న ఒక్క పనీ సరిగ్గా చెయ్యవా అని. మూడోదే పెట్టానంది షమీమ్. అబద్ధం కూడానా అని ఇంకోటి పడింది.

మధ్యాహ్నం అది వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. చెంప ఇంకా ఎర్రగానే ఉంది.

"నేను మూడోదే పెట్టానే... నువ్వు చూశావు కదా?"

"ఏమో, నాకు గుర్తులేదే," అన్నాను.

"అయితే నేనే తప్పు పెట్టుంటాలే," అంది. అనుమానం కూడా పడలేదు పిచ్చి పిల్ల... తన కళ్ళని కాదని నా మాట నమ్మింది.

తర్వాత నేను చెయ్యని సేవ లేదు. రోజూ వాళ్ళ చక్రాన్ని మా పొత్రం కంటే ముందు నేనే పెట్టేదాన్ని. పిన్నికి బిందెలు మోసిపెట్టాను, చంటివాణ్ణి ఆడించాను. ఎంత మంచిపిల్లవే అని ఆవిడ నా తల నిమిరితే చచ్చిపోవాలనిపించేది. బాబిలోను రాజైతే ఆ శిక్షేదో వేసి ఆపాటికి నన్ను వదిలేసేవాడే... తాతయ్యకి చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. స్కూళ్ళు తెరిచేలోపే షమీమ్ వాళ్ళు గుంటూరు వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ వీధిలో ఇంటింటికీ కుళాయి, మోటారు... సుఖమే, కాదనను. కానీ రాత్రంతా వీధిలో వదిలేసిన రాయి పొద్దున్నకి అక్కడే ఉంటుందన్న నమ్మకం ఎంత గొప్పదో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. మీ వీధి వరసలో మీ ఇంటి గుర్తు ఏమిటి? రాయండి, చదవాలని ఉంది.

ఇంకొక్క మాట. గుంటూరు వైపు షమీమ్ అనే ఆవిడ... చిన్నప్పుడు వన్ టౌన్ కొండ మీద ఉండేవాళ్ళు, నాన్న ఆటోనగర్ మెకానిక్కు... ఎవరికైనా తెలిస్తే ఇది చూపించండి.

షమీమ్... నువ్వు మూడోదే పెట్టావే. నేను చూశాను.