ఒక్క ఎంటర్‌తో ఎగిరిపోయిన పెళ్లి

ఒక పెళ్లిని ఒక్క ఎంటర్ నొక్కి మాయం చేసిన ఘనత నాది. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

అప్పట్లో అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ లినక్స్ అనే కంప్యూటర్ కోర్సు నేర్చుకునేదాన్ని. సాయంత్రాలు పంజాగుట్టలో శీనన్న పెళ్లి వీడియోల స్టూడియోలో పని. కోర్సులో చేరి నెల తిరక్కుండానే లోకంలోని కంప్యూటర్లన్నీ నా మాట వింటాయన్న ధీమా వచ్చేసింది.

ఒకరోజు స్టూడియో కంప్యూటర్ నిండిపోయింది. "పనికిరాని టెంప్ ఫైళ్లు జర సాఫ్ చెయ్ చెల్లే" అన్నాడు శీనన్న.

"ఒక్కొక్కటీ వెతకడం ఏంటన్నా? ఒక్క లైను చాలు" అంటూ కమాండ్లు రాసే నల్ల తెర తెరిచాను.

ఫైళ్లను వెతికే 'ఫైండ్' కమాండ్ మనం రాసింది రాసిన వరసలో పాటిస్తుంది. ముందు ఏ పేరున్నవి కావాలో చెప్పి, ఆ తర్వాత డిలీట్ అనాలి. నేను ముందు డిలీట్ అని, తర్వాత పేరు రాశాను. ఇంకేముంది, పేరు దాకా రాకుండానే, ఆకలి మీదున్న పెళ్లివారు విస్తరి ఖాళీ చేసినట్టు టెంప్ ఫైళ్లున్న ఫోల్డర్ మొత్తం ఊడ్చేసింది.

"అయిందా?"

"అయిందన్నా. కొంచెం ఎక్కువే అయింది."

శీనన్న తొంగిచూసి మురిసిపోయాడు. "మస్తు జాగా వచ్చింది గదా! ఏదీ, శ్రావణి పెండ్లి ఓపెన్ చెయ్. రేపు ఇయ్యాలె."

"ఆ జాగా... శ్రావణి గారి పెళ్లిదేనన్నా."

కెమెరా కార్డుల్లో అప్పటికే ఇంకో పెళ్లి ఎక్కేసింది. శీనన్న కుర్చీలో కూలబడి శ్రావణి ఇంటి అడ్రసు వెతకసాగాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడు ఇద్దరం యూసుఫ్‌గూడలో శ్రావణి ఇంటికెళ్లి ఉన్నమాట చెప్పాం. "తాళి కట్టింది సుత పోయిందా?" అంది వాళ్లమ్మ. ఆవిడ కళ్లలో నీళ్లు చూసి నా ధీమా అంతా దిగిపోయింది. చుట్టాల ఫోన్లలో ఉన్న వీడియోలన్నీ ఇప్పించమని బతిమాలాను.

ఇచ్చారు. సగం వాటిలో పెళ్లికంటే ముందువరస తలకాయలే ఎక్కువ. ఎలాగో అతికించి, తల్లీకూతుళ్లని స్టూడియోకి పిలిచి చూపించాం.

మేనత్త ఫోన్లో తీసిన తాళి ముడి దగ్గర పెళ్లికూతురి గొంతు స్పష్టంగా వినిపించింది. "జర ఆగు, జుట్టు ఇరుక్కుంది!" వెంటనే వణుకుతూ పెళ్లికొడుకు, "సారీ మేడమ్!"

శ్రావణి పగలబడి నవ్వింది. "అందరి వీడియోలల్ల పాటలే ఉంటయన్నా, మాటలు ఉండయ్. గిది మస్తుంది!" వాళ్లమ్మ కూడా కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది.

వాళ్లు వెళ్లాక శీనన్న నా వైపు తిరిగాడు. "వాళ్ల చెల్లె పెండ్లి సుత మనకే ఇచ్చిన్రు. అచ్చం గిట్లనే కావాల్నట." గొంతు తగ్గించి అడిగాడు. "ఇంతకీ గా లైను యాదున్నదా?"

యాదుంది. అయినా పంజాగుట్ట చౌరస్తా సిగ్నల్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏమేం పోతాయో ముందు తెర మీద కళ్లారా చూసుకోనిదే, ఈ జన్మలో డిలీట్ అన్న మాట రాయను.